తినే ఔషధ మొక్కల లోపల బతికే శిలీంధ్రాలు: ఆ మేలు చేసే పదార్థాలు మొక్కవా, శిలీంధ్రానివా?

మొలక_వరంగల్

అందరికీ నమస్కారం. నేను వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. తిప్పతీగ, మునగ, పిప్పలి, కంది మొక్కలలో ఏదో ఒకదాన్ని తీసుకొని, దాని ఆకులోనూ కాండంలోనూ ఏ జబ్బూ కలిగించకుండా కాపురముండే ఎండోఫైట్ శిలీంధ్రాలను వేరుచేసి, అవి తయారుచేసే పదార్థాలలో ఆరోగ్యానికి పనికివచ్చేవి ఉన్నాయేమో చూడమని మా గైడు గారు చెప్పారు. చదవడం మొదలుపెట్టాక నా అనుమానాలు తగ్గకపోగా పెరిగాయి. మొక్కలో ఉన్న మందే దాని లోపలి శిలీంధ్రంలోనూ దొరికిందని చెప్పే పరిశోధన పత్రాలు చాలా ఉన్నాయి. అయితే ఆ మందును తయారుచేస్తున్నది మొక్కా, శిలీంధ్రమా, రెండూ కలిసా అని అడిగితే ఒక్కో పత్రం ఒక్కో జవాబు చెబుతోంది.

ఇంకొక సందేహం కూడా ఉంది. మనం మునగాకు పప్పు తిన్నప్పుడు ఆకుతోపాటు ఆ శిలీంధ్రాలను కూడా తింటున్నట్టే కదా. వాటివల్ల మనకు ఏమైనా మేలు ఉందా, లేక ఇదంతా ప్రయోగశాలకు మాత్రమే పరిమితమైన సంగతా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

పాత_ప్రయోగశాల

అమ్మాయీ, మంచి ప్రశ్న వేశావు. నేను శిలీంధ్రశాస్త్రం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని కాబట్టి కొంచెం విస్తరంగానే రాస్తాను, ఓపికగా చదువు.

మొక్క లోపల మరొక జీవి ఉండడమనే విషయాన్ని జర్మనీ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ 1866లోనే గుర్తించాడు. అయితే ప్రపంచమంతా దీనివైపు తిరిగి చూసింది 1993లో. పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు నుంచి మన్రో వాల్, మన్‌సుఖ్ వాణీ అనే ఇద్దరు రసాయనవేత్తలు టాక్సాల్‌ను వేరుచేసి, దాని నిర్మాణాన్ని 1971లో ప్రకటించారు. 1992 చివర్లో అమెరికా ప్రభుత్వం దాన్ని అండాశయ క్యాన్సర్‌కు మందుగా అనుమతించింది. బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది, చెట్టు పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. సరిగ్గా ఆ సమయంలో అమెరికాలోని మోంటానాలో గ్యారీ స్ట్రోబెల్, స్టియర్ల్ దంపతులు అదే జాతి చెట్టు నుంచి టాక్సోమైసెస్ ఆండ్రియానే అనే శిలీంధ్రాన్ని వేరుచేసి, అది చెట్టు లేకుండానే టాక్సాల్‌ను తయారుచేస్తోందని ప్రకటించారు. ఆ తరువాత ఔషధ మొక్కలున్న ప్రతి దేశంలోనూ వేట మొదలైంది. మన దేశంలో చెన్నై, బెంగళూరు, వారణాసి, జమ్ము, పుణె ప్రయోగశాలలు దీని మీద గట్టి కృషి చేశాయి.

నువ్వు చెప్పిన నాలుగింటిలో తిప్పతీగ మీద బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం వారు 2012లో ప్రచురించిన పనిని ముందు చదువు. వారు మూడు చోట్ల, మూడు ఋతువులలో ఆకు, కాండం, కాడ, వేరు ముక్కలను సేకరించి, 29 రకాలకు చెందిన 1,151 శిలీంధ్రాలను రాబట్టారు. ఆకులో అన్నిటికంటే ఎక్కువ, వేరులో అన్నిటికంటే తక్కువ దొరికాయి. నాకు ముఖ్యంగా తోచేది ఏమిటంటే, మొక్క ఏ ఊరిదన్న దానికంటే ఏ ఋతువులో కోశారు, ఏ భాగం తీసుకున్నారు అన్నవే లోపలి శిలీంధ్రాలను ఎక్కువగా మార్చాయి. ‘తిప్పతీగలో ఫలానా శిలీంధ్రం ఉంది’ అని ఒక్క వాక్యంలో తేల్చి చెప్పడం ఎంత కష్టమో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు. నీ నోటు పుస్తకంలో మొక్క పేరుకంటే ముందు తేదీ, వాన పడిందా లేదా, లేత ఆకా ముదురాకా అన్నవి రాసుకో.

ఇక పద్ధతి. కోసిన ఆకును నడుస్తున్న కుళాయి నీటిలో కడిగి, 70 శాతం ఆల్కహాలులో, తరువాత సోడియం హైపోక్లోరైట్‌లో, మళ్ళీ ఆల్కహాలులో ముంచి, శుద్ధి చేసిన నీటితో పలుమార్లు కడగాలి. ఆ చివరి కడుగు నీటిని పారబోయవద్దు. దాన్ని విడిగా, ఆహారం ఉన్న ఒక పెట్రిపళ్ళెంలో (మూత ఉన్న ప్రయోగశాల పళ్ళెంలో) పోసి ఉంచు. దానిలో ఏదైనా మొలిస్తే నువ్వు పట్టుకున్నది లోపలి శిలీంధ్రం కాదు, ఆకు పైన అంటుకున్న దుమ్ములోది. ఆకు ముక్కలను చిన్నవిగా కోసి బంగాళాదుంప అగార్ అనే గడ్డకట్టిన ఆహారం మీద పెట్టాక, కొన్ని రోజులకు కోసిన అంచు నుంచి మాత్రమే తెల్లని నూగులాంటి పోగులు బయటికి వస్తాయి, ముక్క పైభాగం మాత్రం పచ్చగా, శుభ్రంగా ఉంటుంది. అలా అంచు నుంచి వచ్చినవాటినే సూదితో తీసి వేరే పళ్ళెంలోకి మార్చుకోవాలి.

తాండూరు_కంది

మాస్టారూ, నమస్కారం. నేను కంది పండించే రైతును. మీరు రాసింది శ్రద్ధగా చదివాను కానీ ఒక విషయం మింగుడు పడడం లేదు. మా పొలాల్లో ఎండు తెగులు తెచ్చేది ఫ్యుజేరియం అనే శిలీంధ్రమేనని వ్యవసాయ అధికారులు చెబుతారు. తెగులు సోకిన మొక్క కాండాన్ని చూస్తే మొదలు నుంచి పైకి ఊదారంగు చార కనిపిస్తుంది. బెరడు గీరి నిలువుగా చీలిస్తే లోపల గోధుమ, నలుపు రంగు గీతలు ఉంటాయి. పూతకొచ్చిన పైరు కళ్ళముందే వాడిపోతుంటే ఆ బాధ రైతుకే తెలుస్తుంది. కందిలో మేలు చేసే శిలీంధ్రాల జాబితా ఒకటి ఈ మధ్య మా అబ్బాయి ఫోనులో చూపించాడు, దానిలోనూ ఫ్యుజేరియం పేరే ఉంది. మా పంటను చంపేదే మేలు చేసేది ఎలా అవుతుంది?

పాత_ప్రయోగశాల

రైతు సోదరా, ఫ్యుజేరియం అనేది ఒక పెద్ద కుటుంబం పేరు. కందికి ఎండు తెగులు తెచ్చేది ఫ్యుజేరియం ఉడమ్. ఆ తెగులును తట్టుకొనే మారుతి, ఆశ వంటి రకాలు పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ నుంచి వచ్చాయి, అవి మీకు తెలిసే ఉంటాయి. అదే కుటుంబంలో మొక్క లోపల చాలాకాలం ఏ హానీ చేయకుండా ఉండేవి కూడా ఉన్నాయి. ఒకే శిలీంధ్రం కూడా ఒక రకం మొక్కలో నెమ్మదిగా ఉండి, మరొక రకంలోనో, నీటి ఎద్దడిలోనో తెగులుగా మారవచ్చు. మొక్క రక్షణ శక్తికీ శిలీంధ్రం దూకుడుకూ మధ్య ఒక తూకం కుదిరినంతకాలమే అది ఎండోఫైట్‌గా ఉంటుంది.

మీ అబ్బాయి చూపించిన సంగతి బహుశా చైనాలోని హర్బిన్‌లో జరిగిన పని అయి ఉంటుంది. అక్కడివారు 2012లో కంది మొక్క నుంచి ఫ్యుజేరియం ఆక్సిస్పోరమ్, ఫ్యుజేరియం సోలాని, ఫ్యుజేరియం ప్రొలిఫెరేటమ్ జాతుల ఎండోఫైట్లను వేరుచేసి, అవి కజానిన్‌స్టిల్బీన్ ఆమ్లం అనే పదార్థాన్ని తయారుచేస్తున్నాయని చూపించారు. ఈ ఆమ్లం కంది ఆకులో సహజంగా ఉండేదే. కణాలను దెబ్బతీసే ఆక్సీకరణను అది అడ్డుకుంటుంది. తుంటి ఎముక తల భాగం చచ్చుబడే జబ్బుకు చైనాలో కంది ఆకు సారంతో చేసిన గుళికలను వాడతారు కాబట్టి వారికి ఆ ఆకు మీద అంత ఆసక్తి. మన దగ్గర కందిపప్పు లేనిదే ముద్ద దిగదు, తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, కానీ కోత అయ్యాక ఆకు మాత్రం పొలంలోనే రాలిపోతుంది. ఆ ఆకు గురించి, దాని లోపలి శిలీంధ్రాల గురించి మన విశ్వవిద్యాలయాలు ఇంకా ఎక్కువ పని చేయాలని నా గట్టి కోరిక.

ద్రావణి

నేను సహజ పదార్థాల రసాయనశాస్త్రంలో పనిచేస్తున్నాను. మాస్టారు గారు చెప్పిన చరిత్రకు రెండవ భాగం కూడా ఉంది, అది తెలియకుండా మొలక గారు ప్రాజెక్టు మొదలుపెట్టకూడదు.

1993 నాటి ఆ శిలీంధ్రం నుంచి వచ్చిన టాక్సాల్ లీటరు ద్రవానికి 24 నుంచి 50 నానోగ్రాములు మాత్రమే. ఒక రోగికి ఒక్కసారి ఎక్కించే మోతాదు సుమారు 300 మిల్లీగ్రాములు అనుకుంటే, ఆ లెక్కన కనీసం 60 లక్షల లీటర్ల ద్రవం పెంచాలి. ఇరవై ఏళ్ళు గడిచినా ఏ పరిశ్రమా ఈ దారిలో టాక్సాల్‌ను మార్కెట్‌కు తేలేకపోయింది. నేడు వాడుతున్న మందు యూరప్ యూ చెట్టు ఆకుల నుంచి తీసిన, టాక్సాల్‌గా మార్చగల పూర్వ పదార్థంతో గానీ, యూ మొక్క కణాలను తొట్లలో పెంచి గానీ తయారవుతున్నది. పైగా 2013లో జర్మనీ శాస్త్రవేత్తలు అదే టాక్సోమైసెస్ జన్యుపటలాన్ని చదివి, టాక్సాల్‌ను స్వతంత్రంగా తయారుచేయగల జన్యువులకు దానిలో ఆధారం కనిపించలేదని ప్రకటించారు.

దీని అర్థం మొదట చెప్పినవారు అబద్ధం చెప్పారని కాదు. నానోగ్రాముల స్థాయిలో పనిచేసేటప్పుడు మొక్క కణజాలం నుంచి శిలీంధ్రపు పోగులకు అంటుకొని వచ్చిన మందు మొదటి పళ్ళెంలోనూ, రెండవ పళ్ళెంలోనూ కనిపించవచ్చు. యంత్రం దాన్ని చక్కగా పట్టుకుంటుంది. అది ఎవరు తయారుచేశారన్నది మాత్రం యంత్రం చెప్పదు. కాబట్టి శిలీంధ్రాన్ని మొక్కతో సంబంధం లేని ఆహారం మీద పదే పదే కొత్త పళ్ళేలకు మార్చిన తరువాత కూడా ఆ పదార్థం వస్తున్నదా, గుర్తుపెట్టిన కార్బన్‌తో చేసిన చక్కెరను ఇస్తే ఆ గుర్తు మందు అణువులో కనిపిస్తున్నదా, దాన్ని తయారుచేసే జన్యువులు శిలీంధ్రంలో ఉన్నాయా అన్న మూడు ప్రశ్నలకూ జవాబు దొరికినప్పుడే ఆ పదార్థం శిలీంధ్రానిదని నేను ఒప్పుకుంటాను. ప్రచురితమైన పత్రాలలో అధికభాగం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి.

వైద్య_సుమతి

నమస్కారం. నేను ఆయుర్వేద వైద్యురాలిని, రాజమహేంద్రవరంలో ఉంటాను. ద్రావణి గారి మాటలు కఠినంగా ఉన్నా అవసరమైనవే. అయితే పిప్పలి సంగతి ఈ చర్చలోకి రావాలి.

శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు కలిపిన త్రికటు చూర్ణం మా రోజువారీ వైద్యంలో భాగం. మన్యంలో చింతపల్లి వైపు గిరిజన రైతులు పిప్పలి వేరును, అంటే మోడిని పండిస్తారు. పిప్పలిలోనూ మిరియంలోనూ ఉండే పైపరిన్ ఇతర మందులు శరీరానికి బాగా అందేలా చేస్తుందని ఆధునిక పరిశోధన కూడా నిరూపించింది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలవారు పసుపులో ఉండే కర్క్యుమిన్ 2 గ్రాములతో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇస్తే రక్తానికి అందే కర్క్యుమిన్ 2,000 శాతం పెరిగిందని చూపారు. జమ్ములోని ప్రయోగశాల కృషి వల్ల క్షయ మందు రిఫాంపిసిన్‌ను పైపరిన్‌తో కలిపి, 450 మిల్లీగ్రాముల బదులు 200 మిల్లీగ్రాములతో సరిపెట్టే మాత్ర మన దేశంలోనే తయారైంది. ఇంతటి విలువ ఉన్న పైపరిన్‌ను పిప్పలి మొక్కలోని పెరికోనియా అనే ఎండోఫైట్ తయారుచేస్తోందని 2011లో ప్రచురితమైంది. అక్కడ కేవలం యంత్రం మీద గీత చూసి చెప్పడం కాదు, పదార్థాన్ని స్ఫటికంగా రాబట్టి ఎక్స్‌రేతో నిర్మాణాన్ని తేల్చారు. స్ఫటికం కట్టేంత పదార్థం దొరికిందంటే, మొక్క నుంచి అంటుకొచ్చిన జాడ అని కొట్టివేయడం కష్టం కదా?

ఏ మొక్కలో ఏ భాగాన్ని ఏ ఋతువులో సేకరించాలన్న నియమాలు మా శాస్త్రంలో చాలా నిక్కచ్చిగా ఉంటాయి. మాస్టారు గారు చెప్పిన తిప్పతీగ అధ్యయనం చదివాక ఆ నియమాలను కొత్త కన్నుతో చూడాలనిపించింది. ఋతువుతోపాటు లోపలి శిలీంధ్రాలు మారుతున్నప్పుడు, ఆకు గుణంలో వచ్చే మార్పులో వాటి వాటా ఎంతో కొలిచి చూడవలసిన అవసరం ఉంది.

ద్రావణి

సుమతి గారూ, పెరికోనియా విషయంలో మీతో ఏకీభవిస్తాను, నానోగ్రాముల టాక్సాల్‌కూ దానికీ పోలిక లేదు. జన్యువుల ఆధారం కూడా చేరితే ఆ కథ పూర్తవుతుంది.

రైన్_తీరం

నేను జర్మనీలో శిలీంధ్రాల మీద పరిశోధన చేస్తున్న తెలుగువాణ్ణి. ఇక్కడ డార్ట్‌మండ్‌లో మైఖేల్ స్పిటెల్లర్, సౌవిక్ కుసరి బృందం చేసిన పని ఈ చర్చకు నేరుగా పనికివస్తుంది. కాశ్మీరంలో సేకరించిన హైపెరికమ్ మొక్క నుంచి, ఆ మొక్కలోని ఔషధ పదార్థమైన హైపెరిసిన్‌ను తయారుచేసే శిలీంధ్రాన్ని వారు 2008లో ప్రకటించారు. 2012లో మన వేపచెట్టు నుంచి వేరుచేసిన యూపెనిసీలియం పర్వమ్ అనే శిలీంధ్రంలో, వేపలో పురుగులను అరికట్టే పదార్థమైన అజాడిరక్టిన్‌ను చూపారు. అజాడిరక్టిన్ నిర్మాణం ఎంత జటిలమంటే, దాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేయడానికి కేంబ్రిడ్జ్‌లో 22 ఏళ్ళు పట్టింది, 2007లో గానీ అది పూర్తికాలేదు.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది వారి క్యాంప్టోథెసిన్ పని. క్యాన్సర్ మందులైన టోపోటెకాన్, ఇరినోటెకాన్‌లకు ఇదే మూలం. చైనా చెట్టు క్యాంప్టోథెకాలోనూ, మన పశ్చిమ కనుమల్లోని నోథపొడైటెస్ చెట్టులోనూ ఇది ఉంటుంది. చైనా చెట్టు నుంచి తీసిన ఫ్యుజేరియం సోలాని మొదట్లో క్యాంప్టోథెసిన్‌ను తయారుచేసింది. కానీ వరుసగా కొత్త పళ్ళేలకు మారుస్తూ పోతే ఉత్పత్తి పడిపోయింది. కారణం వెతికితే, ఆ మందు తయారీలో మొదటి మెట్ల జన్యువులు కొన్ని శిలీంధ్రంలో ఉన్నాయి గానీ, మధ్యలో రెండు ముక్కలను అతికించే స్ట్రిక్టోసిడిన్ సింథేస్ అనే ఎంజైము మాత్రం లేదు. ఆ ఒక్క మెట్టుకు శిలీంధ్రం మొక్క ఎంజైమునే వాడుకొంటున్నదని వారు 2011లో ప్రతిపాదించారు. దారిలో కొంత భాగం శిలీంధ్రానిది, కొంత భాగం మొక్కది అయినప్పుడు, మొక్కదా శిలీంధ్రానిదా అని అడిగితే ఒకే మాటలో జవాబు రాదు. మొలక గారికి ఒక్కో పత్రంలో ఒక్కో జవాబు కనిపించడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

ఉత్పత్తి ఆగిపోయిన శిలీంధ్రాన్ని మళ్ళీ కదిలించే ఉపాయాలూ ఉన్నాయి. చాలాసార్లు జన్యువులు పోవు, మూగబోతాయంతే. ఆహారం మార్చడం, మరో సూక్ష్మజీవిని పక్కనే పెంచడం, ఆతిథ్య మొక్క ఆకు సారాన్ని కొద్దిగా కలపడం, 5-అజాసైటిడిన్ వంటి పదార్థాలతో జన్యువుల మీది తాళం తీయడం వంటివి చేస్తే ఇంతకుముందు కనిపించని పదార్థాలు కూడా బయటికి వస్తాయి. ఆకు సారం కలిపినప్పుడు మాత్రం ద్రావణి గారి మూడు ప్రశ్నలు ఇంకా గట్టిగా అడగాలి.

ఆహార_పరిశీలకుడు

ఇంతవరకు మేలు గురించే మాట్లాడుకున్నారు. నేను హైదరాబాదులో ఆహార పరీక్షల రంగంలో ఉన్నవాడిని కాబట్టి రెండవ వైపు చెప్పడం నా బాధ్యత.

మొక్కజొన్నలో ఫ్యుజేరియం వర్టిసిలియోయిడెస్ అనే శిలీంధ్రం చాలాసార్లు ఏ లక్షణమూ లేకుండా ఎండోఫైట్‌గానే ఉంటుంది. అదే శిలీంధ్రం ఫ్యుమోనిసిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1995లో దక్కను పీఠభూమి పల్లెల్లో, అంటే అప్పటి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక గ్రామాలలో, వానకు తడిసి బూజు పట్టిన జొన్నలు, మొక్కజొన్నలు తిన్నవారికి కడుపునొప్పి, కడుపులో గుడగుడ, విరేచనాలు వచ్చాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలించి, దానికి కారణం ఫ్యుమోనిసిన్ అని తేల్చారు. గింజ తప్ప మరో తిండి లేని పేద కుటుంబాలే ఆ బూజు గింజలను తిన్నాయన్నది మరచిపోకూడదు. అమెరికాలో టాల్ ఫెస్క్యూ అనే గడ్డి తిన్న పశువులు కుంటుతూ చిక్కిపోవడానికి కూడా ఆ గడ్డి లోపల కంటికి కనిపించని ఎండోఫైటే కారణమని 1977లో బయటపడింది.

మొలక గారి రెండవ ప్రశ్నకు నా జవాబు ఇది. తాజా మునగాకును కడిగి వండుకుంటే భయపడవలసింది ఏమీ లేదు, తరతరాలుగా తింటున్నాము. కానీ ఆకు కోసిన తరువాత దాని రక్షణ శక్తి పోతుంది. లోపల నెమ్మదిగా ఉన్న శిలీంధ్రాలు చచ్చిన కణజాలాన్ని తిని పెరగడం మొదలుపెడతాయి. మునగాకు పొడి, తిప్పతీగ పొడి పేరుతో ఇప్పుడు ఊరూరా వ్యాపారం జరుగుతున్నది. ఆకును కుప్పపోసి, తడి ఆరకుండా గోనె సంచుల్లో కట్టేస్తే లోపలివీ బయటివీ కలిసి ఆ పొడిని పాడుచేస్తాయి. పలుచగా పరచి, గాలి ఆడేచోట, ఆకు నలిపితే పొడిపొడి అయ్యేదాకా త్వరగా ఆరబెట్టినవారి సరుకే కొనండి; అడగడానికి మొహమాటపడవద్దు.

మొలక_వరంగల్

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. మునగ గురించి చదువుతుంటే 2012 నాటి ఒక పత్రం దొరికింది. మునగలోని నైగ్రోస్పోరా అనే ఎండోఫైట్ గ్రిసియోఫుల్విన్‌ను తయారుచేస్తుందట. తామరకు డాక్టర్లు రాసే మాత్ర అదే కదా! అయితే మునగాకు తింటే తామర తగ్గుతుందని అనుకోవచ్చా? అలాగే, మా ప్రయోగశాలలో పెద్ద యంత్రాలు లేవు. డీపీపీహెచ్ పరీక్ష చేసి ఆక్సీకరణను అడ్డుకొనే శక్తిని కొలవమంటున్నారు. అది సరిపోతుందా?

ద్రావణి

మొదటి ప్రశ్నకు: అనుకోకూడదు. శిలీంధ్రాన్ని విడదీసి, పోషకాలు నిండిన ద్రవంలో వారాలపాటు పెంచితే గ్రిసియోఫుల్విన్ వచ్చింది. ఆకు లోపల అది చాలా పలుచగా, మొక్క అదుపులో ఉంటుంది; అక్కడ ఆ పదార్థం తయారవుతున్నదన్న హామీ లేదు, తయారైనా మాత్రకు సాటివచ్చే మోతాదు ఉండదు. ఈ పనిలో అసలైన మేలు కొత్త మందుల అణువులను వెతకడంలోనూ, మొక్క నాణ్యతను పెంచడంలోనూ ఉంది. తినేవారికి అది ఆ రెండు దారుల్లోనే చేరుతుంది. ‘మునగలో తామర మందు’ అని రేపు ఎవరైనా పొడి డబ్బా మీద అచ్చువేస్తే, ఈ పత్రాన్ని చదివిన మీరే దాన్ని ఖండించాలి.

రెండవదానికి: డీపీపీహెచ్ ద్రావణం ఊదారంగు నుంచి పసుపుకు మారడం చూడడానికి బాగుంటుంది గానీ, శిలీంధ్రం లేని వట్టి ఆహార ద్రవం కూడా కొంత రంగు మారుస్తుంది. మరిగించిన చక్కెరా, ఈస్ట్ సారమూ కలిసి గోధుమరంగుకు తిరిగితే ఆ ద్రవమే ఆక్సీకరణను అడ్డుకొంటుంది. కాబట్టి శిలీంధ్రం వేయని ద్రవాన్ని అన్నే రోజులు అదే ఉష్ణోగ్రతలో ఉంచి, అదే విధంగా ఇథైల్ ఎసిటేట్‌తో సారం తీసి, పక్కన పెట్టి కొలవండి. విటమిన్-సితో పోలిక కూడా ఉండాలి. గాజు గొట్టంలో రంగు మార్చిన సారం మనిషి శరీరంలోనూ అలాగే పనిచేస్తుందని మాత్రం మీ థీసిస్‌లో ఎక్కడా రాయవద్దు.

తాండూరు_కంది

ద్రావణి గారు మొక్క నాణ్యత అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మేము విత్తనానికి ట్రైకోడెర్మా అనే శిలీంధ్రపు పొడి పట్టిస్తాము. అది కూడా ఇలాంటిదేనా? మేలు చేసే శిలీంధ్రాన్ని విత్తనంతోనే మొక్కలోకి పంపే వీలు ఉందా?

పాత_ప్రయోగశాల

మీరు చేస్తున్నది సరిగ్గా ఈ దారిలోనిదే. ట్రైకోడెర్మా నేలలో ఉండి తెగులు శిలీంధ్రాలను అణచడమే కాదు, దానిలో కొన్ని రకాలు వేరు పైపొరల్లోకి చేరి మొక్క రక్షణ శక్తిని మేల్కొలుపుతాయి. మొక్క తన రక్షణకు తయారుచేసుకొనే పదార్థాలలో చాలావాటినే మనం ఔషధాలంటున్నాము కాబట్టి, సరైన శిలీంధ్రం తోడుంటే ఔషధ గుణం పెరిగే అవకాశం ఉంది. పెన్నేరు, అంటే అశ్వగంధ మీద లక్నోలోని ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్‌వారు ఈ పని చేశారు; ఎండోఫైట్లను మొక్కకు చేర్చినప్పుడు దానిలోని ఔషధ పదార్థాలైన విథనోలైడ్ల పరిమాణం పెరిగిందని చూపారు. రాయలసీమలో అశ్వగంధ వేసే రైతులకు ఇది నేరుగా పనికివచ్చే సంగతి. తొట్లలో శిలీంధ్రాన్ని పెంచి మందు తీయాలన్న ఆశకంటే, పొలంలోనే మొక్కను బలపరిచే ఈ దారి మన ప్రాంతానికి త్వరగా ఫలితమిస్తుందని నేను నమ్ముతున్నాను.

రైన్_తీరం

మాస్టారి మాటకు చిన్న చేర్పు. మొక్క లోపలి శిలీంధ్రం దానికి కాపలా కూడా కాస్తుంది. హోండురాస్‌లో దాల్చినచెట్టు నుంచి స్ట్రోబెల్ వేరుచేసిన మస్కొడార్ ఆల్బస్ గాలిలోకి వదిలే వాసన పదార్థాల కలయికే పక్కనున్న ఇతర శిలీంధ్రాలను చంపుతుంది. ఒకే పళ్ళెంలో మధ్యన అగార్‌ను కోసి ఖాళీ వదిలినా సరే అవతలిది బతకదు. మొలక గారూ, మీ పళ్ళేలలో ఒక శిలీంధ్రం పక్కన మరొకటి ఎదగకుండా నిలిచిపోతే దాన్ని పారేయకండి, అక్కడే ఏదో ఉంది.

మొలక_వరంగల్

మా గైడు గారితో మాట్లాడి కందినే ఎంచుకున్నాను. తాండూరు రైతు గారూ, మీ పొలం నుంచి నమూనాలు తీసుకోవడానికి అనుమతిస్తారా? వేరుచేసిన శిలీంధ్రాలను ఎక్కడ భద్రపరచాలో కూడా ఎవరైనా చెప్పగలరు.

తాండూరు_కంది

తప్పకుండా రండి తల్లీ. పూత దశలో వస్తే మేలు, తెగులు సోకినదీ సోకనిదీ అప్పుడు స్పష్టంగా తెలుస్తాయి. మా చేనులో ఒకే సాలులో ఎండిన మొక్క పక్కనే పచ్చగా నిలబడినవి ఉంటాయి. వాటిలో ఏముందో నాకూ తెలుసుకోవాలని ఉంది.

పాత_ప్రయోగశాల

అమ్మాయీ, రైతు చెప్పిన ఆ జంటలే నీ ప్రాజెక్టుకు ప్రాణం. ఎండిన మొక్క, దాని పక్కనే నిలిచిన మొక్క, రెండింటి నుంచీ ఆకు, కాండం, వేరు తీసుకో. ఆయన దాచుకున్న విత్తనం కూడా పిడికెడు అడుగు, శిలీంధ్రం విత్తనంతో వచ్చిందా, గాలితోనూ నేలతోనూ వచ్చిందా అన్నది దానివల్ల తెలుస్తుంది. నమూనాలను ప్లాస్టిక్‌లో కాక కాగితపు సంచుల్లో వేసి, మంచు పెట్టెలో ఉంచి, మరునాటికల్లా పళ్ళేలలో పెట్టేయాలి. జాతిని నిర్ధారించడానికి రూపం ఒక్కటే చాలదు, ఐటీఎస్ డీఎన్‌ఏ భాగాన్ని చదివించు. ఫ్యుజేరియం విషయంలో అది కూడా సరిపోదు, ట్రాన్స్‌లేషన్ ఎలాంగేషన్ ఫ్యాక్టర్ జన్యువును కూడా చూడాలి. భద్రపరచడానికి పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థలో జాతీయ శిలీంధ్ర భాండాగారం ఉంది, చండీగఢ్‌లో ఎంటీసీసీ అనే సూక్ష్మజీవుల భాండాగారం ఉంది. ప్రతి ఒక్క శిలీంధ్రానికీ అక్కడి సంఖ్య తీసుకొని థీసిస్‌లో రాయి. నమూనా ఏ రైతు చేను నుంచి వచ్చిందో ఆయన అనుమతితో నమోదు చేయి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం రేపు దానిలోంచి ఏదైనా లాభం వస్తే దానిలో ఆ నేలకూ ఆ మనుషులకూ న్యాయమైన వాటా దక్కాలి, దానికి ఆ నమోదే ఆధారం.